సంస్కృతి తేడానా, హక్కుల తేడానా?

విదేశంలో ఉంటున్న కుటుంబాల గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఒక సలహా ఇస్తూంటారు: "అక్కడి సంస్కృతి వేరు, కాస్త సర్దుకుపోవాలి." ఎవరు సర్దుకుపోవాలో ఆ మాటలో ఉండదు. చెప్పక్కర్లేదు కూడా, అందరికీ తెలుసు. ఉద్యోగానికి వెళ్లిన మగవాడికి ఆఫీసులో ఇంగ్లీషు ఉంటుంది, తోటి భారతీయులుంటారు, నెల తిరిగేసరికి జీతం ఉంటుంది. కూరగాయల కొట్టులో, బడి గేటు దగ్గర, ఆసుపత్రి కిటికీ ముందు, చెత్తడబ్బా పక్కన నిలబడి కొత్త దేశంతో రోజూ తలపడేది ఆడమనిషి.

మా అమ్మాయి పురుడు కోసం 2024లో దక్షిణ కొరియా వెళ్లి, సియోల్‌కి దక్షిణాన ఉన్న సువాన్ నగరంలో మూడు నెలలు ఉన్నాను. అల్లుడు అక్కడ ఇంజనీరు. ఈ పేజీలో సొంత ఇంటి సంగతులు రాసుకోవడం మనకి అలవాటు లేదు. కానీ అక్కడ చూసినవీ, అక్కడి తెలుగు, తమిళ, బెంగాలీ ఆడవాళ్లు చెప్పినవీ ఒక ప్రశ్నగా నన్ను వెంటాడుతున్నాయి. "సంస్కృతి తేడా" అని మనం ఒకే మూటలో కట్టేస్తున్నవాటిలో నేర్చుకోవాల్సినవి ఏవి? హక్కుల సంగతిగా గుర్తించి నిలదీయాల్సినవి ఏవి? ఈ మూట విప్పి చూసుకోకపోతే విదేశాల్లో ఉన్న మన ఆడపిల్లలకి మన సంఘాలు చేయగలిగే సాయం ఏమీ ఉండదు.

ముందు తేలికైనవి. కొరియావాళ్లు కూడా చెప్పులు గుమ్మంలోనే విడుస్తారు. ప్రధాన ఆహారం అన్నమే. ఎదురుపడిన మనిషిని "అన్నం తిన్నారా" అని పలకరిస్తారు. పెద్దవాళ్లకి ఏదిచ్చినా రెండు చేతులతో ఇస్తారు. బాలింతకి చన్నీళ్లు తగలనివ్వరు, వెచ్చగా ఉంచుతారు, సముద్రపు నాచుతో చేసిన పులుసు రోజుల తరబడి తాగిస్తారు. పురుడొచ్చిన ఇంటికి 21 రోజులు బయటివాళ్లు రాకుండా వెనకటి రోజుల్లో గుమ్మానికి గడ్డితాడు కట్టేవారు. బిడ్డ మొదటి పుట్టినరోజున ఎదురుగా దారం, పుస్తకం, కలం, డబ్బు పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. మన అన్నప్రాశనలో చేసేది ఇదేగా! ఇవన్నీ చూస్తుంటే ఇంత దూరం వచ్చి పక్క ఊళ్లో దిగినట్టే ఉంటుంది.

కొత్తగా నేర్చుకోవాల్సింది చెత్త పారెయ్యడం. 1995 నుంచీ అక్కడ చెత్తని డబ్బిచ్చి కొన్న సంచుల్లోనే వెయ్యాలి. 2005 నుంచీ తిండి వ్యర్థాలని నేరుగా భూమిలో పూడ్చడం నిషేధం కాబట్టి వాటిని వేరు చెయ్యాలి. చాలా అపార్ట్‌మెంట్లలో కార్డు చూపిస్తేనే డబ్బా మూత తెరుచుకుంటుంది, తూకం వేసి ఆ ఇంటి ఖాతాలో డబ్బు రాసుకుంటుంది. స్థూలంగా, పశువులు తినగలిగేదే తిండి వ్యర్థం. ఉల్లిపొట్టు, గుడ్డుపెంకులు, టీ పిప్పి, మామిడిటెంక అందులో వెయ్యకూడదు. ఇది నేర్చుకోదగ్గ క్రమశిక్షణ. అయితే నేను వెళ్లిన భారతీయుల ఇళ్లలో ఈ లెక్కంతా ఆడవాళ్లకే తెలుసు. ఏ రోజు ఏ చెత్త కిందికి తీసుకెళ్లాలో మగవాళ్లని అడిగితే భార్య ముఖం చూశారు. కొరియా ఇళ్లూ అంతే. 2019లో అక్కడి ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో భార్య ఇంటిపనికి రోజుకి 3 గంటల 7 నిమిషాలు, భర్త 54 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. అదే ఏడాది మన దేశంలో జరిగిన సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. ఇందులో సంస్కృతి తేడా ఎక్కడుంది?

పండగల సంగతీ చూడండి. చుసోక్ పంటల పండగ, సొల్లాల్ చాంద్రమాన సంవత్సరాది. ఆ రెండు పండగలకీ పితృదేవతలకి "జెసా" అనే అర్చన చేస్తారు. నైవేద్యాలు రోజంతా వేయించేది కోడళ్లు. ముందు నిలబడి మొక్కేది మగవాళ్లు. ఆ పితృదేవతలు భర్త వంశంవాళ్లు. మడికట్టుకుని తద్దినం వంట చేసిన ఏ తెలుగు కోడలికీ దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కానీ అక్కడి ఆడవాళ్లు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి దీని మీద పత్రికల్లో, ఇళ్లలో, కోర్టు మెట్ల మీద గొడవపడ్డారు. చివరికి 2022లో కన్ఫ్యూషియన్ సంప్రదాయానికి పెద్దదిక్కైన సంగ్యున్‌గ్వాన్ సంస్థే ముందుకొచ్చి, నూనెలో వేయించిన పిండివంటలు తప్పనిసరి కాదనీ, తొమ్మిది రకాలు చాలనీ ప్రకటించింది. తద్దినపు వంట తగ్గించమని మన పీఠాలు ఎప్పుడు ప్రకటిస్తాయో చూడాలి.

పిలుపుల్లోనూ పెత్తనం దాక్కుని ఉంటుంది. కొరియా కోడలు భర్త తమ్ముణ్ణి "తోర్యోన్నిమ్" అనీ, ఆడపడుచుని "అగాస్షి" అనీ పిలవాలి. చిన్నదొరగారు, చిన్నదొరసాని వంటి మాటలవి. అల్లుడికి మాత్రం భార్య తమ్ముణ్ణి అంత గౌరవంగా పిలవాల్సిన బాధ్యత లేదు. దీని మీద విమర్శలు వచ్చాక, 2020లో అక్కడి జాతీయ భాషా సంస్థ, అత్తింటివాళ్లనైనా పేరుపెట్టి మర్యాదగా పిలవవచ్చని ఒక కరదీపిక తెచ్చింది. అల్లుడికి "గారు" చేర్చి, కోడలికి చేర్చని మన నోళ్లు కూడా దీన్ని ఒకసారి ఆలోచించాలి. ఇంకో మాట నన్ను గట్టిగా గుచ్చింది. తండ్రి తల్లిని వాళ్లు "హల్‌మొని" అంటారు, తల్లి తల్లిని "వే-హల్‌మొని" అంటారు. "వే" అంటే బయట. ఆసుపత్రిలో పసిపిల్లని ఎత్తుకుని నేను బయటి అమ్మమ్మనయ్యాను. మన "అమ్మమ్మ"లో రెండుసార్లు అమ్మే ఉన్నందుకు మొదటిసారి సంతోషించాను. అయితే కూతురు పురుడు పోసే బరువు అమ్మమ్మ మీదే ఉంచి, పిల్ల ఇంటిపేరు మాత్రం నాన్నదే రాసుకునే పద్ధతి మనదీనూ.

ఆ దేశానికీ మన దేశానికీ చుట్టరికం కలిపే కథ ఒకటుంది. 13వ శతాబ్దపు "సాంగుక్ యూసా"లో, అయుతా అనే దూరదేశం నుంచి ఓడలో వచ్చిన హో హ్వాంగ్-ఓక్ అనే రాజకుమారి గయ రాజు సూరోని పెళ్లాడుతుంది. అయుతా అంటే అయోధ్యే అని నమ్మి 2001లో అక్కడ ఆమెకి స్మారకం కట్టారు. చరిత్ర ఏదైనా, ఆమె వంశంవాళ్లు చెప్పుకునే మాట నాకు ఇష్టం. తన పదిమంది కొడుకుల్లో ఇద్దరికి తన ఇంటిపేరు పెట్టించుకుందట. పరాయి దేశం నుంచి వచ్చిన ఆడమనిషి అడిగి తీసుకున్న హక్కు అది. 2008 నుంచి ఉన్న నియమం ప్రకారం, బిడ్డకి తల్లి ఇంటిపేరు పెట్టాలంటే దంపతులు పెళ్లి నమోదు చేసే రోజే ఒప్పుకుని రాసివ్వాలి. లేకపోతే తండ్రిదే.

ఆ 2008 కూడా తేలిగ్గా రాలేదు. అంతకుముందు "హోజు" అనే పద్ధతి ఉండేది. ప్రతి కుటుంబానికీ ఒక యజమాని, ఆ యజమాని మగవాడు. భర్త చనిపోతే ఆ హోదా భార్యని దాటి కొడుక్కి పోయేది, కొడుకు పసివాడైనా సరే. పెళ్లయిన ఆడదాన్ని పుట్టింటి జాబితాలో కొట్టేసి అత్తింటి జాబితాలో రాసేవారు. కొరియా తొలి మహిళా న్యాయవాది లీ తే-యంగ్ 1956లో కుటుంబ న్యాయసహాయ కేంద్రం పెట్టి, దశాబ్దాల పాటు ఈ కుటుంబ చట్టం మీద పోరాడింది. ఆస్తిలో కొడుకులతో పాటు కూతుళ్లకీ సమాన వాటా 1991లో అమల్లోకి వచ్చింది. ఆమె 1998లో కన్నుమూసింది. రాజ్యాంగ న్యాయస్థానం హోజు చెల్లదని 2005లో అంది, 2008 జనవరి 1న అది రద్దయింది. "ఇది మా వేల ఏళ్ల సంస్కృతి, కదిలిస్తే కుటుంబం కూలిపోతుంది" అని ఆ రోజుల్లో పెద్దమనుషులు ఊరేగింపులు తీశారు. కుటుంబం కూలలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చినప్పుడు మనమూ ఇలాంటి మాటలే విన్నాం.

ఇంకో ఉదాహరణ చెప్తాను. స్కానింగ్ గదిలో డాక్టరు "ఆడపిల్ల" అని మామూలుగా చెప్పేసింది. లింగనిర్ధారణ కేంద్రాల ముందు ధర్నాలు చేసిన నాకు గుండె ఝల్లుమంది. కొరియాలోనూ 1987 నుంచి అలా చెప్పడం నిషేధం. 1990లో అక్కడ 100 మంది ఆడపిల్లలకి 116 మంది మగపిల్లలు పుట్టారు. 2007 నాటికి ఆ లెక్క సహజ స్థాయికి వచ్చింది. కొడుకే కావాలన్న పట్టు సడలిందని గుర్తించి, 2024 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆడపిల్లల చదువు, ఉద్యోగాలు, ఆస్తిహక్కు, హోజు మీద పోరాటం అన్నీ కలిసి తెచ్చిన మార్పు అది. మనకి 1994 నాటి చట్టం ఇంకా అవసరమే. కానీ అది అక్కర్లేని రోజు రావచ్చని తెలిసింది. అలాగని అది స్త్రీల స్వర్గమేమీ కాదు. ఆడా మగా జీతాల మధ్య తేడా సుమారు 30 శాతంతో, అభివృద్ధి చెందిన దేశాల కూటమిలో అన్నిటికంటే వెనక ఉన్నది కొరియానే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి ఇక్కడ జూనియర్ కాలేజీలో ఆరేళ్లు పాఠాలు చెప్పింది. అక్కడ ఆమె ఎఫ్-3 వీసా మీద ఉంది. అంటే ఆధారపడిన కుటుంబసభ్యురాలు. ప్రత్యేక అనుమతి లేనిదే ఉద్యోగం చెయ్యకూడదు. ఆమె ఆ దేశంలో ఉండడమే భర్త ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. కొరియాలో బజారు సరుకు తెప్పించుకోవాలన్నా, ఆసుపత్రి వేళ తీసుకోవాలన్నా, బ్యాంకు పని చేసుకోవాలన్నా అన్నీ ఫోనులోనే, మనిషెవరో ధ్రువీకరించేది కూడా ఆ ఫోను నంబరే. నంబరు సొంత పేరున ఉండాలి. చాలామంది భార్యల ఫోన్లు వెళ్లిన కొత్తలో సులువని భర్త పేరున తీసుకున్నవే. సంకేతం ఆయన పేరున వస్తుంది, ఆయన మీటింగులో ఉంటే పని ఆగిపోతుంది. "అమ్మా, నేనెవరో ఈ దేశానికి చెప్పాలంటే ఆయన పేరు కావాలే" అంది మా అమ్మాయి, నవ్వుతూనే. ఆ నవ్వు చూడలేకపోయాను. మా అల్లుడు మంచివాడు. ఆ వారమే వెళ్లి ఫోను ఆమె పేరుకి మార్పించాడు. కానీ భర్త మంచితనం మీద ఆధారపడేదాన్ని హక్కు అనం కదా! మంచివాడు కాని మనిషి చేతిలో ఆ ఫోనూ, ఆ వీసా, పాస్‌పోర్టు ఉన్న సొరుగు తాళం ఏమవుతాయో మన సహాయకేంద్రాల్లో పనిచేసేవాళ్లకి తెలుసు.

2008లో కొరియా "బహుళసంస్కృతి కుటుంబాల" సహాయానికి ఒక చట్టం చేసింది. ఊరూరా కేంద్రాలు, భాష తరగతులు, సలహాలు వచ్చాయి. అయితే దంపతుల్లో ఒకరు కొరియా పౌరులైతేనే ఆ చట్టం ప్రకారం అది బహుళసంస్కృతి కుటుంబం. ఇద్దరూ పరాయివాళ్లే అయిన మన కుటుంబాలు ఆ నిర్వచనంలోకి రావు. 2023 చివరికి ఆ దేశంలో ఉన్న విదేశీయుల సంఖ్య 25 లక్షలు దాటింది. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వెళ్లిన ఫ్యాక్టరీ కార్మికులకైతే కుటుంబాన్ని తెచ్చుకునే హక్కే లేదు. వివక్ష మీద సమగ్ర చట్టం కావాలని 2007లో మొదటి బిల్లు పెట్టినప్పటి నుంచీ మహిళా సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, అది ఇంకా రాలేదు. 2009లో బుచాన్‌లో బస్సులో ఒక భారతీయ పరిశోధకుణ్ణి ఒకడు రంగు పేరుతో తిట్టాడు. పక్కనున్న కొరియా యువతిని, ఇలాంటివాడితో తిరుగుతావా అన్నట్టు అవమానించాడు. కోర్టు 10 లక్షల వాన్‌ల జరిమానా వేసింది. 2011లో బూసాన్‌లో ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చి కొరియా పౌరురాలైన స్త్రీని, ముఖం చూసి స్నానశాలలోకి రానివ్వలేదు. వీటిని సంస్కృతి తేడా అనగలమా?

అన్నిటికంటే దారుణం పెళ్లి చేసుకుని వెళ్లినవాళ్లది. 2010లో దళారి ద్వారా పెళ్లై బూసాన్ చేరిన 20 ఏళ్ల వియత్నాం అమ్మాయిని ఎనిమిది రోజులకే భర్త చంపేశాడు. అతను మానసిక రోగి అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ చావు తర్వాతే, వరుడి ఆరోగ్యం, నేరచరిత్ర ముందే చెప్పి తీరాలని దళారుల చట్టాన్ని బిగించారు. విడాకులైన విదేశీ భార్య అక్కడే ఉండాలంటే తప్పు భర్తదని నిరూపించుకోవాలి. తప్పంతా అతనిదే కానక్కర్లేదు, ప్రధానంగా అతనిదైతే చాలని 2019లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నారై సంబంధమని వివరాలేవీ కనుక్కోకుండా పిల్లల్ని పంపే మన ఊళ్లకి ఇది దూరపు కథ కాదు.

మనం ఎదుటి దేశాన్ని వేలెత్తి చూపే ముందు మన గడప కూడా చూసుకోవాలి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలయ్యాక అనంతపురం ప్రాంతానికి కొరియా కుటుంబాలు వచ్చాయి. ఆ భార్యలకి మన ప్రభుత్వం ఇచ్చేది కూడా ఆధారపడినవాళ్ల వీసానే, ఉద్యోగం చెయ్యకూడదు. భాష రాని ఊళ్లో, పనిలేని చదువుతో, భర్త కంపెనీ కారు కోసం ఎదురుచూస్తూ ఆమె ఉంటుంది. సువాన్‌లో మా అమ్మాయికీ పెనుకొండలో ఆమెకీ మధ్య సంస్కృతి తేడా ఎంతైనా ఉండనివ్వండి, హక్కు లేకపోవడంలో ఇద్దరూ ఒకటే.

మనం చేయగలిగిన పనులున్నాయి. విదేశానికి వెళ్లే ప్రతి అమ్మాయికీ, ఆమె తల్లిదండ్రులకీ మన సంఘాలు కొన్ని మాటలు చెప్పి పంపాలి. పాస్‌పోర్టు, చదువు సర్టిఫికెట్లు, పెళ్లి నమోదు పత్రం ఆమె దగ్గరే ఉండాలి, నకళ్లు పుట్టింట్లో ఉండాలి. దిగిన కొన్నాళ్లకే విదేశీయుల నమోదు కార్డు, దాంతో తన పేరున ఫోను, బ్యాంకు ఖాతా తీసుకోవాలి. కొరియా న్యాయ మంత్రిత్వశాఖ 2009 నుంచి నడుపుతున్న సామాజిక సమ్మేళన కార్యక్రమంలాంటి చోట భాష నేర్చుకోవాలి. పిల్ల చిన్నదని వాయిదా వెయ్యకుండా ఆ గంటలు పిల్లని తండ్రి చూసుకోవాలి. ఆపదలో ఉన్న స్త్రీల కోసం అక్కడ 1366 నంబరు ఉంది. వలస వచ్చినవాళ్లకి 1577-1366 ఉంది, అందులో 13 భాషల్లో మాట్లాడతారు. ఇంగ్లీషు, నేపాలీ ఉన్నాయి, తెలుగుగానీ హిందీగానీ లేవు. అవి చేర్చాలని మన రాయబార కార్యాలయం ద్వారా అడగడం మన పని. 1983 నుంచి హింసకి గురైన స్త్రీల కోసం పనిచేస్తున్న కొరియా మహిళా హాట్‌లైన్ వంటి సంఘాలతో మన సంఘాలు ఉత్తరాలు నడపాలి. ఉద్యోగపు ఒప్పందం మాట్లాడుకునేటప్పుడే భార్య పనిచేసే అనుమతి సంగతి కూడా తేల్చుకోవాలని మన ఇంజనీరు అబ్బాయిలకి చెప్పాలి.

ఉల్లిపొట్టు ఏ సంచిలో వెయ్యాలో నేర్చుకుందాం. రెండు చేతులతో ఇవ్వడం నేర్చుకుందాం. నాచు పులుసు తాగుదాం, వాళ్లకి మన పప్పుచారు పోద్దాం. అదంతా సంస్కృతి, ఇచ్చిపుచ్చుకునేది. తన పేరున ఒక కార్డు, తన చదువుకి తగ్గ పని, కొడితే వెళ్లడానికి ఒక తలుపు, తన బిడ్డకి తన ఇంటిపేరు పెట్టుకునే వీలు ఇచ్చిపుచ్చుకునేవి కావు. అవి ఏ దేశంలో ఉన్నా ఆమెవే. ఈసారి ఎవరైనా "సర్దుకుపోవాలి" అన్నప్పుడు ఆ రెంటిలో దేని గురించి అంటున్నారో అక్కడే, ఆ క్షణమే అడుగుదాం.